వెనక సీటు హెడ్‌రెస్ట్ సగం వరకు వచ్చి ఆగిపోతే ఎలా తీయాలి

పిల్లల సీటు బిగించబోతే వెనక హెడ్‌రెస్ట్ దాని వీపుకు తగిలి ముందుకు తోస్తోందన్నారు. బటన్ నొక్కి పైకి లాగితే కొంతవరకు వచ్చి ఆగిపోతోంది, ఇంకా గట్టిగా లాగితే ఏదైనా విరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నారు. తీసేశాక ఆ చోటు అలాగే ఖాళీగా వదిలేయొచ్చా అనేది మీ రెండో సందేహం. తీయడం తేలికే, రెండు నిమిషాల పని. రెండో సందేహానికే కాస్త ఎక్కువ చెప్పాలి. ముందు తీసే సంగతి చూద్దాం.

దయచేసి గట్టిగా గుంజకండి. మీ హెడ్‌రెస్ట్ ఇరుక్కుపోలేదు. ఎక్కడ ఆగాలని తయారీదారు అనుకున్నాడో సరిగ్గా అక్కడే ఆగింది. ఎత్తు పెంచుకునేటప్పుడు మొత్తం ఊడి చేతికి రాకుండా, ప్రమాదం జరిగినప్పుడు దానంతటది సీటులోంచి ఎగిరిపోకుండా ఆ చివరి అడ్డు పెట్టారు. ఎత్తు మార్చే లాక్ వేరు, పూర్తిగా బయటికి వదిలే లాక్ వేరు. మీరు ఇప్పటివరకు నొక్కింది మొదటిది మాత్రమే.

లోపల ఏముందో తెలిస్తే చేతికి పని సులువవుతుంది. హెడ్‌రెస్ట్ కింద రెండు స్టీల్ రాడ్‌లు ఉంటాయి. సీటు పైభాగంలో అవి దిగే రెండు ప్లాస్టిక్ గొట్టాలు కనిపిస్తాయి కదా, వాటిని గైడ్‌లు అంటారు. ఆ గైడ్‌లు సీటు ఫ్రేముకు వెల్డింగ్ చేసిన ఇనుప గొట్టాల్లో కూర్చుంటాయి. రాడ్‌లలో ఒకదానికి వరుసగా కొన్ని గాట్లు ఉంటాయి. గైడ్ లోపల ఉండే చిన్న స్ప్రింగ్ తీగ ఒక్కో గాటులో పడుతూ హెడ్‌రెస్ట్‌ను ఆ ఎత్తులో నిలబెడుతుంది. చాలా కార్లలో గాటు ఒక వైపు వాలుగా, ఇంకో వైపు నిటారుగా ఉంటుంది. అందుకే పైకి ఎత్తడానికి బటన్ అక్కర్లేదు, కిందికి దించడానికి కావాలి. అన్నిటికంటే కింద మరో గాటు ఉంటుంది. దానికి వాలు ఉండదు, రెండు వైపులా నిటారే. మిమ్మల్ని ఆపింది అదే. కొన్ని కార్లలో ఈ చివరి గాటు బటన్ ఉన్న రాడ్‌కే ఉంటుంది, చాలా కార్లలో రెండో రాడ్‌కు ఉంటుంది. అలాంటప్పుడు రెండో గైడ్ దగ్గర కూడా విడిగా ఒక విడుదల ఏర్పాటు ఉండి తీరాలి. మీరు వెతకాల్సింది దాన్నే.

వెతికేటప్పుడు పైనుంచి చూస్తే సరిపోదు. హెడ్‌రెస్ట్‌ను పూర్తిగా పైకి ఎత్తి, మొబైల్ టార్చ్ వేసి, రెండో గైడ్ చుట్టూ నాలుగు వైపులా చూడండి. కొన్ని కార్లలో రెండో వైపు కూడా అచ్చం మొదటిదానిలాంటి బటనే ఉంటుంది, కాకపోతే రంగు సీటు రంగులో కలిసిపోయి కనబడదు. కొన్నిట్లో బటన్‌ను పక్క నుంచి రాడ్ వైపు నొక్కాలి, కొన్నిట్లో పై నుంచి కిందికి నొక్కాలి. ఇంకొన్నిట్లో బటన్ ఉండదు, గైడ్ అంచున పిన్ను పట్టేంత చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ తీసేయకూడదని అలా పెడతారు. ఆ రంధ్రంలో నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్‌ గానీ సన్నటి అలెన్ కీ గానీ దూర్చి మెల్లగా నొక్కితే లోపల స్ప్రింగ్ వెనక్కి జరిగినట్టు వేలికి తెలుస్తుంది. కుట్టుసూది వాడొద్దు, వంగుతుంది, విరిగి లోపలే ఉండిపోతుంది కూడా.

రెండో గైడ్ దగ్గర ఏమీ కనిపించకపోతే సీటు కవర్ మీద అనుమానపడండి. బయట కొనుక్కుని వేయించిన కవర్లలో రాడ్‌లకు మాత్రం రంధ్రాలు చేసి, బటన్ మీదుగా బట్టను లాగి కుట్టేసినవి చాలా ఉంటాయి. వేలితో గైడ్ చుట్టూ తడిమితే కవర్ కింద బొడిపెలా తగులుతుంది. కవర్ అంచును కాస్త వెనక్కి లాగి పట్టుకోండి, కత్తెర పెట్టాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఇప్పుడు తీయడం. ముందు వెనక సీటు వీపు ముందుకు మడిచే వీలుందో లేదో చూడండి. హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీలలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సీటు పైమూలన ఒక లివరో, లాగే పట్టీయో ఉంటుంది. వీపును కొంచెం ముందుకు వంచి పట్టుకుంటే హెడ్‌రెస్ట్ పైన ఖాళీ దొరుకుతుంది. ఇది చేయకపోతే రెండు లాక్‌లూ విడిపించాక కూడా అది కారు పైకప్పుకు తగిలి ఆగిపోతుంది, మీరేమో లాక్ ఇంకా పట్టుకుందనుకుని కిందా మీదా పడతారు. ముందు సీట్లను కూడా బాగా ముందుకు జరిపి పెట్టుకుంటే చేతులు ఆడించడానికి చోటుంటుంది.

ఒంటరిగా చేసేవాళ్లు ఇలా పట్టుకోండి. హెడ్‌రెస్ట్‌ను పైకి, అది ఆగేదాకా ఎత్తండి. తర్వాత ఒక వెంట్రుకవాసి కిందికి నొక్కండి. ఇదే అసలు కిటుకు. పైకి లాగి పట్టుకున్నంతసేపూ రాడ్ అంచు స్ప్రింగ్ మీద ఒత్తుతూ ఉంటుంది, అప్పుడు బటన్ ఎంత నొక్కినా స్ప్రింగ్ కదలదు. భారం తీసేస్తే అదే బటన్ మెత్తగా లోపలికి పోతుంది. రెండు బొటనవేళ్లతో రెండు బటన్లూ నొక్కి ఉంచి, మిగతా వేళ్లను హెడ్‌రెస్ట్ దిండు కిందికి పోనిచ్చి, రెండు వైపులా సమానంగా పైకి ఎత్తండి. బీరువా సొరుగును ఒక పక్క పట్టుకుని లాగితే వంకరపడి ఎలా బిగుసుకుంటుందో, ఇదీ ఒక పక్క ముందు లేస్తే అలాగే బిగుసుకుంటుంది. బిగుసుకుంటే మళ్లీ కిందికి దించి, సమం చేసి, మొదటినుంచి ఎత్తడమే మంచిది.

ఒక వైపు బటన్, ఇంకో వైపు పిన్ను రంధ్రం ఉన్న కార్లలో ఇద్దరుంటే మేలు. ఒకరు బటన్, పిన్ను చూసుకుంటే ఇంకొకరు రెండు చేతులతో ఎత్తాలి. మనిషి దొరకకపోతే పిన్ను రంధ్రం ఉన్న వైపు మొదట విడిపించి, ఆ రాడ్‌ను కొద్దిగా పైకి జరిపి గాటు దాటించండి. ఒకసారి గాటు దాటాక పిన్ను నొక్కి ఉంచాల్సిన పనిలేదు. తర్వాత రెండో బటన్ నొక్కి మొత్తం ఎత్తేయొచ్చు.

సెడాన్‌లలో వెనక సీటు వీపు మడవడానికి వీలు లేనివి చాలా ఉన్నాయి. అక్కడ హెడ్‌రెస్ట్‌ను నేరుగా పైకి లాగితే వెనక అద్దం వాలు అడ్డొస్తుంది. రాడ్‌లు గైడ్‌లలోంచి బయటపడే సమయంలో హెడ్‌రెస్ట్‌ను ముందు సీట్ల వైపు వంచుతూ తీయాలి. వెనక అద్దం లోపలి వైపున సన్నటి గీతల్లా కనిపించే డీఫాగర్ తీగలు గాజు పైకి అంటించినవే, లోపల పొదిగినవి కావు. రాడ్ కొస గీసుకుంటే ఆ గీత తెగుతుంది, ఆ భాగంలో మంచు కరగడం ఆగిపోతుంది. అద్దానికీ హెడ్‌రెస్ట్‌కీ మధ్య ఒక మందపాటి టవల్ వేసి పని మొదలుపెట్టండి. రాడ్‌లకు గ్రీజు ఉండొచ్చు, అది సీటు బట్టకు అంటితే మరక వదలదు. తీయగానే రాడ్‌లను పాత గుడ్డతో తుడిచేయండి.

ఇంత చేసినా కదలకపోతే కారణం చాలావరకు దుమ్మో తుప్పో అయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే ఎత్తులో ఉన్న హెడ్‌రెస్ట్‌లకు, తడి తగిలే కార్లకు ఇది మామూలే. హెడ్‌రెస్ట్‌ను ఉన్నంతవరకు పైకీ కిందికీ పదిసార్లు ఆడించండి. రాడ్‌ల మీద పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. కొద్దిగా సిలికోన్ స్ప్రేను నేరుగా సీటు మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రాడ్‌లకు రాయండి. ఇంజిన్ ఆయిల్, వంటనూనె వద్దు, అవి దుమ్మును ఇంకా పట్టుకుంటాయి, సీటు పాడవుతుంది. బటన్ చుట్టూ బిస్కెట్ పొడి, ఇసుక చేరి అది దిగకపోతే మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్ క్లీనర్‌తో తీసేయండి. స్క్రూడ్రైవర్‌తో బటన్‌ను పొడవడం మాత్రం చేయొద్దు. ఆ ప్లాస్టిక్ చెవులు చాలా పలచగా ఉంటాయి.

పైకి లాగుతున్నప్పుడు గైడ్ కూడా హెడ్‌రెస్ట్‌తో పాటు లేస్తోందా అని ఒక కన్ను వేసి ఉంచండి. గైడ్‌ను ఇనుప గొట్టంలో పట్టి ఉంచేది దాని పక్కనుండే చిన్న ప్లాస్టిక్ కొక్కాలే. మొండిగా లాగినప్పుడు లాక్ విడవకుండా గైడే మొత్తం ఊడి వచ్చేస్తుంది. అలా లేవడం మొదలైతే వెంటనే ఆపి కిందికి నొక్కేయండి, టక్కున కూర్చుంటుంది. కొక్కాలు విరిగిపోయి ఉంటే ఆ గైడ్ ఇక నమ్మదగ్గది కాదు. అది విడి భాగంగా దొరుకుతుంది, కొత్తది వేయించండి. జిగురు పెట్టి సరిపెట్టకండి.

కొన్నిటిని ఇలా తీయలేం, తీయకూడదు కూడా. సీటు వీపుతో కలిసి ఒకే ముక్కగా ఉండి, మధ్యలో రాడ్‌లు కనిపించనివి ఊడవు. కొన్ని కార్లలో రాడ్‌లు కనిపిస్తాయి గానీ లోపలి నుంచి బోల్టులతో బిగించి ఉంటాయి, వాటికి సీటు వీపు విప్పాలి. అది ఇంట్లో చేసే పని కాదని నా గట్టి అభిప్రాయం. వెనక సీటు పక్కల్లో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లున్నాయి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కు మామూలుగా పసుపు రంగు కనెక్టర్లు పెడతారు. అవి కనిపించిన చోట చేయి పెట్టకుండా వర్క్‌షాప్‌కు వదిలేయండి. డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో వెనక హెడ్‌రెస్ట్‌లు మడుచుకునే కార్లు కూడా ఉన్నాయి. వాటిలో మోటారో, స్ప్రింగ్ యంత్రాంగమో ఉంటుంది, గుంజితే పాడవుతుంది. ఇలాంటి ఏ అనుమానం ఉన్నా కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో సీట్ల అధ్యాయం తెరవండి. హెడ్‌రెస్ట్ తీసే విధానం అందులో బొమ్మతో సహా ఉంటుంది. లేకపోతే, తీయడానికి వీల్లేదని రాసి ఉంటుంది.

ఈ పద్ధతి ముందు సీట్లకు వాడొద్దు. 1990ల చివరి నుంచి ముందు సీట్ల హెడ్‌రెస్ట్‌లు చాలా మారాయి. సాబ్ కంపెనీ 9-5 అనే కారులో, ఆ తర్వాత మరికొన్ని కంపెనీల కార్లలో, వెనక నుంచి గుద్దుకున్నప్పుడు మనిషి వీపు సీటును ఒత్తే బలంతోనే హెడ్‌రెస్ట్ ముందుకు, పైకి కదిలి తలను అందుకునే ఏర్పాటు వచ్చింది. వోల్వో 1998లో విప్స్ అనే పేరుతో సీటు వీపంతా తలతో పాటు వెనక్కి లొంగే పద్ధతి తెచ్చింది. ఇలాంటి సీట్లలో హెడ్‌రెస్ట్ ఒక దిండు కాదు, ఒక యంత్రంలో భాగం.

ఇక రెండో సందేహానికి వస్తాను. తీసేశాక ఖాళీగా వదిలేయొచ్చా? ఆ చోట ఎవరూ కూర్చోకపోతే వదిలేయొచ్చు. ఆ చోట పిల్లల సీటు ఉండి, ఆ సీటు పుస్తకం ఒప్పుకుంటే కూడా వదిలేయొచ్చు. మనిషి కూర్చుంటే మాత్రం, ఊరి చివరి వరకైనా సరే, వదలకూడదు.

ఎందుకంటే హెడ్‌రెస్ట్ తల వాల్చుకుని నిద్రపోవడానికి పెట్టింది కాదు. ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో బండి గుద్దినప్పుడు సీటు ఒక్కసారిగా ముందుకు దూసుకొస్తుంది, దానితో పాటు మన మొండెమూ వస్తుంది. తల మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. కింది మెడ ముందుకు, పైన తల వెనక్కి. మెడ మొదట వంకర తిరిగి, తర్వాత వెనక్కి విరుచుకుపోతుంది. ఇదంతా కనురెప్ప వేసేంతలో అయిపోతుంది, కాబట్టి కండరాలు బిగించి కాపాడుకుందామన్నా వీలుపడదు. దీనికి పెద్ద వేగమేమీ అక్కర్లేదు, ట్రాఫిక్‌లో నెమ్మదిగా గుద్దిన బండితో కూడా నెలల తరబడి మెడనొప్పితో బాధపడేవాళ్లున్నారు. తల వెనక్కి పోకుండా పట్టుకునే ఏకైక వస్తువు హెడ్‌రెస్ట్. అమెరికాలో 1969 జనవరి 1 నుంచి తయారైన కార్లకు ముందు సీట్లలో దీన్ని తప్పనిసరి చేశారు. వెనక సీట్ల విషయంలో ఆ పట్టుదల చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ అలవాటే మనలో ఇంకా మిగిలి ఉందని నాకనిపిస్తుంది. ముందు సీటు హెడ్‌రెస్ట్ తీసి నడుపుదామని ఎవరూ అనుకోరు, వెనకది మాత్రం అలంకారమనుకుంటారు. గుద్దే బండి వచ్చేది వెనక నుంచే.

హెడ్‌రెస్ట్ ఉన్నా ఎత్తు తప్పితే ప్రయోజనం సగమే. దాని పైఅంచు తల పైభాగంతో సమానంగా ఉంటే మంచిది. అంత ఎత్తు రాకపోతే కనీసం చెవుల పైకొసను దాటాలి. తల వెనక భాగానికీ దానికీ మధ్య దూరం 10 సెంటీమీటర్లు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మెడ దగ్గర ఆగిపోయేలా కిందికి దించి పెడితే తల దాని మీదుగా వెనక్కి విరుగుతుంది, అది ఇంకా చెడ్డది. కొన్ని కార్ల వెనక హెడ్‌రెస్ట్‌లు సీటు పైఅంచు మీద కప్పినట్టుగా దిగి కూర్చుంటాయి. డ్రైవర్‌కు వెనక అద్దంలోంచి బాగా కనిపించడానికి అలా చేశారు, ఖాళీ సీటుకు మాత్రమే ఆ స్థానం. దించి ఉన్నప్పుడు కూర్చున్నవాళ్ల వీపుకు అది పొడుచుకునేలా ఉంటుంది, పైకి ఎత్తండి అని గుర్తుచేయడానికే. వెనక సరిగా కనిపించడం లేదన్న కారణంతో తీసేద్దామనుకునేవాళ్లు ముందు దించి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది.

పిల్లల సీటు విషయం కాస్త నిదానంగా చదవండి, మీ అవసరం అదే కాబట్టి. తీయకముందు హెడ్‌రెస్ట్‌ను పూర్తిగా పైకి ఎత్తి చూడండి. పిల్లల సీటు వీపు దాని కిందికి సరిగ్గా ఇమిడిపోయి, కారు సీటుకు ఆనుకుని కూర్చుంటే తీసే పనే లేదు. ఎత్తినా ముందుకు తోస్తుంటే అప్పుడు తీయాలి, ఎందుకంటే పిల్లల సీటు వీపు వెనక ఖాళీ మిగిలితే బ్రేక్ వేసినప్పుడు అది ఊగుతుంది. కొందరు హెడ్‌రెస్ట్‌ను తిప్పి, ముఖం వెనక్కి పెట్టి బిగిస్తుంటారు. కారు మాన్యువల్ అలా చేయొచ్చని చెప్పకపోతే వద్దు. గాట్లు తిరగబడి లాక్ పడకపోవచ్చు.

ఏ రకం పిల్లల సీటు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. వెనక్కి తిరిగి కూర్చునే శిశువుల సీటుకు హెడ్‌రెస్ట్ సాధారణంగా తగలదు, కాబట్టి దాన్ని కదపనక్కర్లేదు. ముందుకు తిరిగి ఉండి, సొంత బెల్టులతో బిడ్డను కట్టి ఉంచే ఎత్తు వీపు సీటుకైతే తల వెనక ఆ సీటు గట్టి గుల్ల ఉంటుంది, హెడ్‌రెస్ట్ లేకపోయినా తలకు ఆధారం ఉన్నట్టే. బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టే వాడే సీటును బూస్టర్ అంటారు, వీపు ఉన్న బూస్టర్‌కూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. అయినా పిల్లల సీటు పుస్తకంలో చూసుకోండి, కొన్ని సీట్లకు వెనక కారు హెడ్‌రెస్ట్ ఆసరా ఉండాలని తయారీదారు ప్రత్యేకంగా రాస్తాడు. వీపు లేని బూస్టర్ మాత్రం పూర్తిగా వేరు. అది బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టే పీట మాత్రమే, తల వెనక దానికి ఏమీ లేదు. అక్కడ కారు హెడ్‌రెస్ట్ తప్పకుండా ఉండాలి, బిడ్డ చెవుల పైకొస హెడ్‌రెస్ట్ పైఅంచు కంటే కిందే ఉండాలి. బిడ్డ పెద్దయి ఎత్తు వీపు సీటు నుంచి పీటకు మారే రోజున, ఎప్పుడో తీసి దాచిన హెడ్‌రెస్ట్‌ను చాలామంది మర్చిపోతారు. నాకు అన్నిటికంటే బెంగ కలిగించేది ఈ మరుపే.

టాప్ టెథర్ పట్టీ, అంటే పిల్లల సీటు పైభాగాన్ని వెనక కారుకు కట్టే పట్టీ, ఉన్న సీటైతే దాని దారి కూడా మారుతుంది. హెడ్‌రెస్ట్ ఉన్నప్పుడు ఒంటి పట్టీని హెడ్‌రెస్ట్ కింద, రెండు రాడ్‌ల మధ్య నుంచి పోనిస్తారు. రెండుగా చీలిన పట్టీని సాధారణంగా దానికి అటూ ఇటూ పోనిస్తారు. హెడ్‌రెస్ట్ తీశాక పట్టీ నేరుగా సీటు మీదుగా వెనక్కి పోతుంది, పొడవు తగ్గుతుంది, కాబట్టి పాత బిగువు సరిపోదు. సీటు మొత్తం విప్పి మళ్లీ మొదటినుంచి బిగించండి. పట్టీ కొక్కెం తగిలించే చోటు సీటు వీపు వెనకో, వెనక అద్దం కింది పలక మీదో, డిక్కీ నేల మీదో, పైకప్పులోనో ఉంటుంది. దాని పక్కన లంగరు గుర్తు వేసి ఉంటుంది. డిక్కీలో సామాన్లు కట్టే కొక్కేలు కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి, వాటికి తగిలించకండి. అంతా అయ్యాక, బెల్టు గానీ ఐసోఫిక్స్ (పిల్లల సీటును నేరుగా కారుకు బిగించే కొక్కేలు) గానీ పట్టుకున్న చోట పిల్లల సీటును చేత్తో పట్టుకుని పక్కలకు, ముందుకు కదిపి చూడండి. 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు.

తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు. తీసేటప్పుడే మూడింటికీ రాడ్ మీద కాగితం ముక్క అంటించి ఎడమ, మధ్య, కుడి అని రాసి పెట్టుకుంటే తలనొప్పి ఉండదు, మధ్యది తరచూ పొట్టిగా, వేరే ఆకారంలో ఉంటుంది. గాట్లు ఉన్న రాడ్ ఎత్తు మార్చే బటన్ ఉన్న గైడ్‌లోకే పోవాలి. దిండు ఒంపు మనిషి తల వైపు ఉండాలి. రాడ్‌లు రెండూ ఒకేసారి గైడ్‌లలో పెట్టి, బటన్ నొక్కి దించండి. మధ్య సీటు బెల్టు పైకప్పు నుంచి వచ్చే కార్లలో ఆ బెల్టు రాడ్‌ల కింద నలగకుండా చూసుకోండి. దిగాక బటన్ వదిలి, టక్ మన్న శబ్దం వచ్చేదాకా ఎత్తి, ఆ తర్వాత బటన్ ముట్టుకోకుండా చివరి అడ్డు దాకా గట్టిగా పైకి లాగి, ఊడి వస్తుందేమో చూడండి. రాకూడదు. తర్వాత మీద చేయి పెట్టి కిందికి నొక్కండి. జారకూడదు. రెండిట్లో ఏది తప్పినా అది లాక్ పడలేదనే లెక్క.

తీసిన హెడ్‌రెస్ట్‌ను ఎక్కడ పెట్టాలి? కారు లోపల విడిగా మాత్రం పెట్టొద్దు. వెనక సీటు మీదో, వెనక అద్దం కింది పలక మీదో పడేసి ఉంచడం తరచూ కనిపిస్తుంది. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్ది ఆగిపోయినా, విడిగా ఉన్న వస్తువు అదే వేగంతో ముందుకు పోతుంది. దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కిందపడే వస్తువుకు నేలను తాకేటప్పుడు ఉండే వేగమది, పైగా దానికి రెండు స్టీల్ రాడ్‌లున్నాయి. డిక్కీ నేల కింద స్టెప్నీ దగ్గర ఖాళీ ఉంటే ఒక గుడ్డలో చుట్టి అక్కడ పెట్టండి, అనుకోకుండా ఎవరినైనా ఎక్కించుకోవాల్సి వస్తే చేతికి అందుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో, ఎస్‌యూవీలో డిక్కీకీ సీట్లకూ మధ్య గట్టి గోడ ఉండదు కాబట్టి నేల మీద ఊరికే పెట్టకుండా పట్టీతో కట్టేయండి. ఇంట్లో దాచేటట్టయితే రాడ్‌లకు ప్లాస్టిక్ కవర్ చుట్టి పొడి చోట ఉంచండి, తుప్పు పట్టిన రాడ్ గైడ్‌ను గీరేస్తుంది. సీటు మీద మిగిలిన రంధ్రాల్లోకి పిల్లలు నాణేలు, పెన్నులు వేయకుండా కవర్ అంచును వాటి మీదికి లాగి పెడితే చాలు.

కారులో చిక్కుకుంటే అద్దం పగలగొట్టడానికే హెడ్‌రెస్ట్‌కు రాడ్‌లు పెట్టారని, అందుకే దాన్ని ఊడేలా చేశారని ఒక మాట బాగా తిరుగుతుంటుంది. అందుకోసమే దాన్ని పక్కన పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. అది నిజం కాదు. ఎత్తు మార్చుకోవడానికి, సీటు మడవడానికి, పిల్లల సీటు బిగించడానికి వీలుగా ఊడేలా చేశారు. రాడ్ కొసలు మొద్దుగా ఉంటాయి, ఇరుకు కారులో చేయి ఊపి కొట్టడానికి బలం చాలదు, భయంలో ఉన్నవాళ్లకు పైన చెప్పిన రెండు లాక్‌లు విడిపించడమే కష్టం. ఆ అవసరం కోసం గట్టి మొన ఉండే చిన్న ఎమర్జెన్సీ సుత్తి కొని, డ్రైవర్ చేతికి అందే చోట కదలకుండా బిగించండి. అది పగలగొట్టగలిగేది టెంపర్డ్ అద్దాన్నే, అంటే పగిలితే చిన్న చిన్న ముక్కలైపోయే గాజునే. పక్క అద్దాలకు కూడా మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు వాడే కార్లున్నాయి, దాన్ని ఆ సుత్తితో పగలగొట్టి బయటపడలేం. ఒక్కో అద్దం మూలన ఉండే చిన్న ముద్రలో అది ఏ రకమో చాలావరకు రాసి ఉంటుంది. మీ కారులో ఏ అద్దాలు టెంపర్డ్‌వో ఆ ముద్ర చూసి ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.